గట్టు దాటే తేనెటీగ

నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి తోటలు పూత మీద ఉన్నప్పుడు పొద్దున్నే ఒక చెట్టు కింద నిలబడి చూడండి. తేనెటీగలు చాలావరకు నిన్న వాలిన కొమ్మల మీదికే వస్తాయి. ఒకటో రెండో మాత్రం గట్టు దాటి, ఇంకే ఈగా ముట్టని పూల చుట్టూ తిరుగుతుంటాయి. వాటికే ఎందుకా ఆరాటం?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు మన పెద్దలు. మందలో నిలవని మేకకూ అదే మాట, ఇంటి పట్టున ఉండని పిల్లవాడికీ అదే మాట. సైన్స్ ఈ సంగతి తేల్చడానికి చాలా తిప్పలు పడింది.

1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రెసెర్పిన్ ఇచ్చాడు. అది మన సర్పగంధి వేరులో దొరికే మందే. కుందేళ్ళు చెవులు వాల్చేసి, కదలకుండా పడిపోయాయి. ఒంట్లో డోపమైన్‌గా, అంటే మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనంగా, మారే ఎల్-డోపా సూది వేస్తే కాసేపటికే చెవులు నిక్కించి లేచాయి. డోపమైన్ ఎంత ముఖ్యమో లోకానికి తెలిసింది అక్కడి నుంచే. ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది. తర్వాత కోతుల్లో ఇంకో సంగతి బయటపడింది: అనుకోకుండా పండ్ల రసం చుక్క నోట్లో పడితే డోపమైన్ కణాలు చురుకవుతాయి, అలవాటైన రసానికి అంతగా స్పందించవు.

1996లో, మెదడు కణాలు డోపమైన్‌ను అందుకోవడానికి తోడ్పడే డీఆర్‌డీ4 జన్యువుకూ మనుషుల్లో కొత్తదనం మీది మోజుకూ లంకె ఉందన్నారు. 2007లో యూరప్‌లోని గ్రేట్ టిట్ పిట్టల్లోనూ అలాంటిదే కనబడింది. కానీ 2010లో నాలుగు చోట్ల అడవి పిట్టల్ని పరీక్షిస్తే ఒక్క చోటే ఆ లంకె నిలిచింది. ఒక్క జన్యువు పేరు పట్టుకుని బుద్ధులు నిర్ణయించడం తొందరపాటేనని నేను గట్టిగా నమ్ముతాను.

నాకు బాగా నచ్చింది 2012లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో జీన్ రాబిన్‌సన్ బృందం చేసిన పని. కొత్త గూడు వెతికే ఈగలే కొత్త పూలను వెతకడంలోనూ ముందుంటాయని వాళ్ళు చూశారు. వాటి మెదడులో జన్యువులు పనిచేసే తీరులోనూ పెద్ద తేడాలున్నాయి. అయితే అప్పటిదాకా కొత్త దారి పట్టని ఈగలకు పంచదార పాకంలో గ్లుటమేట్ అనే మరో మెదడు రసాయనం కలిపి పెడితే, అవి కూడా కొత్త పూల వేటకు బయల్దేరాయి. డోపమైన్‌ను అడ్డుకుంటే ఆ వేట తగ్గిపోయింది.