క్రాస్ కుక్కపిల్లకు ఏమీ కాదంటారా? అపోహలు - వాస్తవాలు

"దేశీ రక్తం ఉంది కద సార్, దానికేం గాదు." నల్గొండలో నా క్లినిక్‌కు వచ్చేవాళ్ల నోట ఈ మాట వినని వారం ఉండదు. పామ్ (పొమేరేనియన్) క్రాస్ అయినా పగ్ క్రాస్ అయినా, అంటే వేరే జాతితో కలిసి పుట్టిన పిల్ల ఏదైనా, అదే ధీమా. ఆ ధీమాతో టీకాలు ఎగ్గొట్టిన కుక్కపిల్లలే పార్వోతో (వాంతులు, నెత్తుటి విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) నా టేబుల్ మీదికి వస్తున్నాయి.

దేశీ రక్తం మాటలో కొంత నిజం లేకపోలేదు, కానీ అది వంశపారంపర్య జబ్బుల సంగతి. అందులోనూ పూర్తి నిజం కాదు. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో 24 జబ్బులను పోల్చి చూస్తే, 10 మాత్రమే మేలుజాతి కుక్కల్లో ఎక్కువ. 13 ఇద్దరికీ సమానమే, ఒకటి క్రాస్ వాటికే ఎక్కువ. ఇక పార్వో వైరస్ క్రాస్ కుక్క అని వదిలిపెట్టదు. వీధిలో ఈనిన కుక్క పిల్లల్లో ఎన్ని చచ్చిపోయాయో మనం చూడం, మిగిలిన రెండిటిని చూసి గట్టివి అంటాం.

రెండో మాట, "ఒక సూది అయింది కద." తల్లి ముర్రుపాలతో వచ్చిన రక్షణ బలంగా ఉన్నన్నాళ్లు టీకాను కూడా పనిచేయనివ్వదు. అది ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కో తీరు. అందుకే 6-8 వారాలకు మొదలుపెట్టి, 3-4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయాలి. అమ్మినవాడు 30 రోజులకే ఒక సూది వేయించి కార్డు చేతిలో పెడితే, పని అయిపోయినట్టు కాదు.

పోయిన ఎండాకాలం దేవరకొండ వైపు నుంచి ఒక తండ్రీకూతుళ్లు వచ్చారు. పామ్ క్రాస్ పిల్లను తువ్వాలలో చుట్టుకొచ్చారు. వాంతులు మొదలైనప్పుడు ఎవరో పురుగులని చెప్పి వేపాకు రసం తాగించమన్నారట, ఇంకొకరు పసుపు మజ్జిగ. నెత్తుటి విరేచనాలు చూశాక బండెక్కారు. ఆ పార్వో వాసన తలుపు దగ్గరే తెలిసిపోతుంది. సెలైన్ పెట్టినా నిలవలేదు. "నేను ఊకె ఎత్తుకున్నందుకా సార్?" అని ఆ పాప అడిగింది. కాదు బిడ్డా, నీ తప్పేం లేదు అన్నాను. తండ్రి మాత్రం వచ్చే వారమే ఇంకోటి తెస్తానన్నాడు. వద్దన్నాను. వాకిట్లో ఆ వైరస్ నెలల తరబడి ఉంటుంది, ఫినాయిల్‌కు చావదు. గచ్చును బాగా కడిగి బ్లీచింగ్ నీళ్లు పోయొచ్చు గానీ మట్టిని ఏం చేస్తాం? ఆ ఇంటికి వచ్చే కుక్కపిల్ల టీకాల కోర్సు మొత్తం అయ్యాకే రావాలి.

మిగతావి త్వరగా చెప్తాను. క్రాస్ కుక్కకు బుద్ధి నిలకడ ఉండదన్నది ఉత్తమాట. నెల తిరక్కుండా తల్లినుంచి లాక్కొచ్చి, రోజంతా గేటుకు కట్టేస్తే ఏ కుక్కయినా కరుస్తుంది. ఉన్నట్టుండి కరవడం మొదలుపెడితే నొప్పి ఉందేమో చూపించండి. చిన్న కుక్కల్లో మోకాటి చిప్ప జారడం, పళ్లు పాడవడం మామూలే. ఒక రిటైర్డ్ టీచర్ గారి కుక్క, దవడ పన్ను పీకి నొప్పి పోయాక, మళ్లీ ఆయన ఒళ్లోకి ఎక్కింది. కారం పెడితే కుక్కకు రోషం వస్తుందంటారు; రోషం రాదు, కడుపు పాడవుతుంది. పొట్టి ముక్కు పగ్ క్రాస్‌ను మే నెల మధ్యాహ్నం బయటికి తీసుకెళ్లకండి. మీ ఇంట్లో జ్వరం గోళీలు దానికి వేయకండి, పారాసెటమాల్ వాటికి విషమవుతుంది.

ఇల్లు కదలని కుక్కకు రేబిస్ టీకా ఎందుకని కూడా అడుగుతారు. గేటు సందులోంచి వీధికుక్క ఒక్కసారి కరిస్తే చాలు. మూడు నెలలు నిండాక వేయించి, ఏడాదికి మళ్లీ వేయించండి. టీకా లేని కుక్క మిమ్మల్ని గీరినా కరిచినా, సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు సర్కారు దవాఖానకు పోండి. కారం, సున్నం ఏదీ పూయొద్దు.