నాలుగు చక్రాలుంటే బండి పడదా? గనుల్లో ఏటీవీ నడిపేవాళ్ల కోసం

బెంగళూరులో నా ట్రైనింగ్ బ్యాచ్‌లకు వచ్చేవాళ్లలో మనవాళ్లు చాలామంది. అనంతపురం, కడప, కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగంలో చేరి, సర్వే పని మీద బళ్లారి, సండూరు గనులకు వెళ్లే కుర్రాళ్లు. అక్కడ వాళ్లు నడపాల్సింది ఏటీవీ, అంటే బైక్‌లా సీటుకు అటూ ఇటూ కాళ్లు వేసి, హ్యాండిల్ పట్టుకుని గతుకు నేల మీద నడిపే నాలుగు చక్రాల బండి. మొదటి రోజే ఎవరో ఒకరు లేచి అంటారు: "సార్, పదేళ్లుగా బుల్లెట్ నడుపుతున్నాను. నంది హిల్స్ దగ్గర రిసార్టులో ఏటీవీ కూడా తోలాను. నాలుగు చక్రాల బండి, అదెక్కడ పడుతుంది?" పోయిన వారం కూడా ఇదే మాట. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నాలుగు చక్రాలున్న బండి బోల్తా పడదు

పడుతుంది. పడితే మన మీదే పడుతుంది. ఏటీవీకి వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ, దాని పైన మన బరువు. మలుపులో బైక్ మనతోపాటు లోపలికి వాలుతుంది. ఏటీవీ వాలదు. మనమే సీటు మీద లోపలి వైపుకు జరగాలి. జరగకపోతే లోపలి చక్రాలు నేల విడిచి లేస్తాయి. బండి బరువు దాదాపు మూడు వందల కిలోలు. క్యాబిన్ లేదు, సీటు బెల్టు లేదు. తలకు చిన్న దెబ్బ కూడా తగలకుండా, బండి ఛాతీ మీద పడి ఊపిరి ఆడక చనిపోయినవాళ్లున్నారు. ఆస్ట్రేలియాలో 2021 అక్టోబరు నుంచి పనులకు వాడే కొత్త ఏటీవీలకు, బోల్తా పడినప్పుడు మనిషిని కాపాడే ఫ్రేమ్ తప్పనిసరి చేశారు. పడని బండికి ఆ ఫ్రేమ్ ఎందుకు?

అసలు ముప్పు బైక్ అలవాటుతోనే. బండి కాస్త ఒరగగానే బైక్ నడిపేవాడి కాలు దానంతటదే కిందికి దిగుతుంది. ఏటీవీ మీద అలా దించిన కాలి మీదికి మన బండి వెనక చక్రమే ఎక్కుతుంది.

ఇది నాకు జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గ్రానైట్ క్వారీలో వాలుకు అడ్డంగా పోతున్నాను. బండి ఎడమకు ఒరిగింది, ఎడమ కాలు దించాను. వెనక చక్రం మడమ మీదికి ఎక్కి నన్ను కిందికి లాగింది, వెనకే బండి వచ్చి తొడ మీద పడింది. డ్రిల్లింగ్ దగ్గరున్న ఇద్దరు పరుగెత్తుకొచ్చి లేపారు. మడమ ఎముక విరిగి మూడు నెలలు మంచం మీదే. అంతకు పది నిమిషాల ముందు ఒక హెల్పర్ కుర్రాడు "అన్నా, నేనూ ఎక్కనా?" అని అడిగాడు. ఎందుకో వద్దన్నాను. ఎక్కించుకుని ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను.

సీటు పొడుగ్గా ఉంది కాబట్టి ఇద్దరు కూర్చోవచ్చు అనేవాళ్లకు చెప్పేది ఇదే. ఆ పొడుగు నడిపేవాడు ముందుకూ వెనక్కూ జరగడానికి. వాలు ఎక్కేటప్పుడు ముందుకు, వాలు దిగేటప్పుడు వెనక్కి. వెనక మనిషి కూర్చుంటే జరగడానికి చోటేది? ఇద్దరు వెళ్లాలంటే బెల్టులు, రోల్ కేజ్ (బండి బోల్తా పడినా మనిషి నలగకుండా చుట్టూ ఉండే ఇనుప చట్రం) ఉన్న రెండు సీట్ల బండి అడగండి. వాలు ఎక్కేటప్పుడు మధ్యలో ఇంజన్ ఆగితే బండి తిప్పొద్దు. బ్రేక్ పట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, ఎగువ వైపుకు దిగండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

టైర్లలో గాలి గట్టిగా కొడితే బండి నిలకడగా ఉంటుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. దయచేసి నమ్మకండి. చాలా ఏటీవీలకు 4 నుంచి 7 పీఎస్ఐ చాలు. ఎక్కువైతే రాళ్ల మీద బంతిలా ఎగురుతుంది. కారు టైర్ల గేజ్ అంత తక్కువ గాలిని సరిగ్గా చూపదు, తక్కువ ప్రెజర్ గేజ్ వేరే ఉంటుంది.

సైట్‌లో ఇచ్చే పసుపు హెల్మెట్ పైనుంచి పడే వాటి కోసం. బండి మీద ఐఎస్ 4151 ముద్ర (బైక్ హెల్మెట్లకు ఉండే ప్రమాణం) ఉన్న హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించండి. దిగాక పసుపుది పెట్టుకోండి.

డంపర్ డ్రైవర్ చూసుకుంటాడని ఎప్పుడూ అనుకోకండి. వంద టన్నుల డంపర్ క్యాబిన్ నుంచి దగ్గర్లో ఉన్న ఏటీవీ కనబడదు. బండికి పొడుగాటి కర్రతో జెండా ఉండాలి. వాకీటాకీలో అతను "సరే, రా" అనేదాకా దూరంగానే ఆగాలి.

రిసార్టులో తోలింది చదునైన ట్రాక్ మీద. గనిలో బెంచ్ (మెట్టులా తవ్విన చోటు) అంచు ఉంటుంది.

మొన్న తాడిపత్రి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "అన్నా, మా ఆయనకు ఆ బండే ఇచ్చినారంట. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు." ఆ భయం తప్పేమీ కాదమ్మా అన్నాను. వాలు మరీ ఎక్కువైన చోట బండి ఆపి నడిచి వెళ్లమని క్లాసులో చెబుతాను, సిగ్గుపడి చాలామంది దిగరు, అది మాత్రం రోజూ అడగమన్నాను. ఇప్పుడు సాయంత్రం ఫోన్‌లో అన్నం తిన్నారా అనే ముందు "ఈ రోజు ఎక్కడెక్కడ దిగి నడిచినారు?" అని అడుగుతోందట.