చిన్న సినిమా బడ్జెట్: పాట దగ్గరికొచ్చేసరికి డబ్బులు ఎందుకు ఉండవు?

చిన్న సినిమాలకు ప్రొడక్షన్ లెక్కలు చూడటం నా పని. కొత్త దర్శకులు తెచ్చే బడ్జెట్ కాగితాల్లో కెమెరా, లైట్లు, ఆర్టిస్టుల ఖర్చంతా వివరంగా ఉంటుంది. అట్టడుగున మాత్రం ‘మ్యూజిక్: తర్వాత చూద్దాం’ అని రాస్తారు. ఆ లైను చూడగానే నాకు టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: కెమెరా అద్దె తగ్గిస్తే బడ్జెట్ తగ్గుతుంది.

వాస్తవం: తగ్గించాల్సింది షూటింగ్ రోజుల్ని. పాతికమంది యూనిట్‌కి టిఫిను, రెండు పూటల భోజనం, టీలకు మనిషికి 400 రూపాయలు వేసుకున్నా, తిండికే రోజుకు 10,000. దాని మీద బేటాలు (యూనిట్‌కి ఇచ్చే రోజు భత్యం), బండ్లు, జనరేటర్ డీజిల్. అందుకే స్క్రిప్టులో 14 లొకేషన్లుంటే ఆరుకు కుదించగలరా అని ముందే అడుగుతాను.

అపోహ: 30 సెకన్ల లోపు పాట వాడుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వాస్తవం: మన కాపీరైట్ చట్టంలో అలాంటి సెకన్ల లెక్కే లేదు. సాహిత్యం, బాణీల హక్కులు వేరు, రికార్డింగ్ హక్కు వేరు. మీ వాళ్లతో కొత్తగా పాడించుకున్నా సాహిత్యం, బాణీల హక్కులు తీసుకోవాల్సిందే.

ఒకసారి టీకొట్టు సీన్ సింక్ సౌండ్‌లో, అంటే డైలాగుల్ని షూటింగ్‌లోనే రికార్డు చేస్తూ తీశాం. వెనక రేడియోలో పాత సినిమా పాట వస్తోంది. మూడ్ బాగుందని అందరం మురిసిపోయాం. ఎడిటింగ్‌లో చూస్తే ఆ పాట డైలాగుల్లో కలిసిపోయింది, ఎంత ప్రయత్నించినా విడిపోలేదు. ఇద్దరు నటుల్నీ పిలిపించి సీనంతా డబ్బింగ్ చెప్పించాం. గాజుగ్లాసుల చప్పుడు, స్టవ్ బుసబుసలు కూడా స్టూడియోలో మళ్లీ పుట్టించాం. నాలుగు నిమిషాల సీన్‌కి రెండు రోజుల స్టూడియో అద్దె కట్టాం. ఇప్పుడు ప్రతి షాట్‌కీ ముందు చుట్టుపక్కల రేడియోలు, టీవీలు ఆపించి వస్తాను.

అపోహ: అన్నమయ్య కీర్తనైతే ఖర్చే లేదు.

వాస్తవం: సాహిత్యం వరకు నిజమే, ఆయన 1503లోనే పోయారు. కానీ మనం వినే బాణీల్లో చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవే. స్వరకర్త పోయిన తర్వాత కూడా 60 ఏళ్లు బాణీ మీద హక్కు ఉంటుంది. క్యాసెట్‌లో విన్నదాన్ని ఎత్తుకోకుండా, అదే కీర్తనకు మీ సంగీత దర్శకుడితో కొత్త బాణీ కట్టించుకోండి. చిన్న సినిమాకు ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు.

ఇక మ్యూజిక్ మా ఫ్రెండే చేస్తాడు, డబ్బులు అడగడు అనే మాట. ఆయన పారితోషికం వదులుకున్నా గాయకులకు, వేణువు వాయించేవాళ్లకు, మిక్సింగ్‌కు ఇవ్వాలి కదా? పైగా 2012 చట్ట సవరణ తర్వాత, థియేటర్‌లో సినిమాతో పాటు వినిపించడం కాకుండా పాటను ఇంకెక్కడ వాడినా వచ్చే రాయల్టీలో రచయిత, స్వరకర్తల వాటాను వాళ్లే వదులుకుంటామన్నా చెల్లదు. స్నేహితుడైనా సరే అగ్రిమెంట్ ముందే రాసుకోండి. ఐదు పాటలకు బదులు రెండు చాలు. మిగిలిన డబ్బు రీరికార్డింగ్‌కు, అంటే సీన్ల వెనక వినిపించే సంగీతానికి పెట్టండి. కంప్యూటర్ ట్రాక్ మీద నిజమైన డప్పు ఒక్కటి పడినా సీన్ లేచి నిలబడుతుంది.

షూటింగ్ అయ్యాక కూడా డబ్బింగ్, డీఐ (రంగులు సరిదిద్దడం), ఫైనల్ మిక్స్, సెన్సార్, పబ్లిసిటీ ఉంటాయి. ఎద్దులబండి చూపించాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కూడా కావాలి. అనుకోని ఖర్చులకు పది శాతం పక్కన పెట్టండి. సంగీతం డబ్బును మాత్రం షూటింగ్‌కు ముందే వేరే ఖాతాలో వేయిస్తాను. ఆఖరి రోజు డీజిల్‌కు తక్కువైందన్నా అందులోంచి తీయనివ్వను.