పైలోనిడల్ సైనస్: గడ్డ పగిలిందని అపాయింట్‌మెంట్ మానేయకండి

ఈ వారం మళ్ళీ అదే జరిగింది. పదింటికి రావాల్సిన అబ్బాయి తొమ్మిదిన్నరకి ఫోన్ చేసి, "రాత్రి గడ్డ పగిలింది సార్, చీమంతా పోయింది, నొప్పి కూడా లేదు, ఇంక రానక్కర్లేదేమో" అన్నాడు. సర్జన్‌గా ఈ జబ్బు, అంటే తోక ఎముక దగ్గర చర్మం కింద వెంట్రుకలు ఇరుక్కుని చీము పట్టడం, చూడటం మొదలుపెట్టినప్పటి నుంచి నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే, ఎక్కువమందిని దెబ్బతీసిందీ ఇదే.

అపోహ: చీము కారిపోతే జబ్బు పోయినట్టే.

చీము బయటికి వస్తే లోపలి ఒత్తిడి తగ్గుతుంది, అందుకే ఆ రాత్రి హాయిగా నిద్రపడుతుంది. కానీ లోపలి గుంత అలాగే ఉంటుంది, అందులో ఇరుక్కున్న వెంట్రుకలు, పిరుదుల మధ్య గీత మీద సూదిమొనంత రంధ్రాలు కూడా ఎక్కడివక్కడే ఉంటాయి. కొందరికి ఒకసారి పగిలాక మళ్ళీ రాకపోవచ్చు, అది నిజమే, కానీ మీరు ఆ కొందరిలో ఉన్నారో లేదో ఇంట్లో అద్దంలో చూసుకుంటే తెలియదు.

అసలు గడ్డ సద్దుమణిగి ఉన్నప్పుడు రావడమే మంచిది. నొప్పి లేకుండా చూడగలం, రంధ్రాలు ఎన్ని ఉన్నాయో, లోపల చీము దారి ఏ పక్కకి పోయిందో తెలుస్తుంది, జబ్బు చిన్నదైతే రంధ్రాల వరకే తీసేసే చిన్న పద్ధతులతో సరిపోవచ్చు. వాచి, ఎర్రబడి, జ్వరంతో వస్తే ఆ రోజు చేయగలిగేది కోసి చీము తీయడం ఒక్కటే, అసలు ఆపరేషన్ అవసరమైతే ఆ గాయం మానాక విడిగా చేయాలి. అంటే రెండుసార్లు కోత, రెండుసార్లు డ్రెస్సింగులు, రెండుసార్లు సెలవులు.

కొన్నేళ్ళ క్రితం ఒక బీటెక్ కుర్రాడు ఇలాగే మూడు అపాయింట్‌మెంట్లు మానేశాడు, ప్రతిసారీ పగిలిపోయిందనే. నాలుగోసారి సెమిస్టర్ పరీక్షల మధ్యలో, కారు వెనక సీట్లో బోర్లా పడుకోబెట్టి తీసుకొచ్చారు. రెండు పేపర్లు పోయాయి. చీము మరక కనపడకుండా ఏడాదిగా లోపల చేతిరుమాలు మడిచి పెట్టుకునేవాడట, అమ్మ చూస్తుందని రాత్రిళ్ళు బాత్రూంలో తనే ఉతుక్కునేవాడట. వాళ్ళ నాన్న గోడకి ఆనుకుని "ఒక్క మాట చెప్పలేదండి మాకు" అన్నది నాకింకా గుర్తుంది. వాడి మీద నాకు కోపం రాలేదు. ఆ చోటు గురించి ఇంట్లో ఎవరితో చెప్పుకుంటారు, ఇరవై ఏళ్ళ వయసులో?

శుభ్రత లేనివాళ్ళకి వస్తుందన్న పుకారు ఒకటుంది, పిల్లల్ని నోరు విప్పనివ్వనిది అదే. రోజుకి రెండుసార్లు స్నానం చేసేవాళ్ళకీ వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు 80,000 మంది అమెరికన్ సైనికులు దీనితో ఆసుపత్రుల్లో చేరారు, జీపుల్లో కుదుపులతో గంటలు గంటలు కూర్చోవడం వల్లనని దీనికి జీపు జబ్బు అని పేరే పెట్టారు. తెగిన వెంట్రుక కొన రాపిడికి చర్మంలోకి దిగుతుంది. క్షౌరవృత్తిలో ఉన్నవాళ్ళకి చేతివేళ్ళ సందుల్లో కూడా ఇలాంటి సైనస్ వస్తుంది, అందులో ఉండేవి ఎదుటివాళ్ళ వెంట్రుకలు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

మొలలనుకుని ఏళ్ళ తరబడి ఆయింట్‌మెంట్లు రాసేవాళ్ళకి ఒక్క మాట. మొలలు మలద్వారం దగ్గర ఉంటాయి, ఇది దానికి పైన, తోక ఎముక దగ్గర. మలద్వారం పక్కన చీము కారే భగందరం (ఫిస్టులా) కూడా వేరే జబ్బు. చూడకుండా మందిచ్చే చోటికి వెళ్ళకండి.

మొదటిసారి వచ్చేటప్పుడు ఖాళీ కడుపుతో రానక్కర్లేదు, తిని రండి, బీపీ, షుగర్ మాత్రలు మామూలుగానే వేసుకోండి. షేవింగ్ చేసుకుని రావద్దు, గాట్లు పడితే మాకు చూడటం కష్టం, మీకు మంట. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపకుండా ఆ స్ట్రిప్ తీసుకురండి. ఎమ్మారై ముందే తీయించుకుని రావద్దు, చాలామందికి అవసరం ఉండదు, అనవసరంగా డబ్బులు పోతాయి. పక్కకి తిరిగో బోర్లానో పడుకుంటే కొన్ని నిమిషాల్లో చూడటం అయిపోతుంది, ఆ రోజే కోసేస్తారని టెన్షన్ వద్దు. అమ్మాయిలు గదిలో నర్సు ఉండాలని అడగొచ్చు, అది మీ హక్కు.

తప్పకుండా తేవాల్సింది మాత్రం వాచినప్పుడు ఫోన్‌లో తీసిన ఫొటో. ఎన్నిసార్లు వాచిందో నెలలతో సహా రాసుకోండి. పాత ఆపరేషన్ ఉంటే డిశ్చార్జ్ కాగితం తెండి, "అప్పుడేదో కోశారు సార్" అంటే నాకేమీ తెలియదు. సిగరెట్ తాగుతుంటే దాచకండి, గాయం మానడానికి అది అడ్డు.

ఆపరేషన్ మాట వస్తే కుట్లు సరిగ్గా మధ్య గీత మీద పడతాయా, పక్కకి పడతాయా అని అడగండి. మధ్యలో కుట్టేస్తే మానడం ఆలస్యమవుతుంది, తిరగబెట్టే అవకాశం ఎక్కువ, అందుకే కుట్టు పక్కకి వచ్చేలా చేసే పద్ధతులు వచ్చాయి. గాయం తెరిచి వదిలేస్తే ఎన్ని వారాలు డ్రెస్సింగ్, ఇంట్లో ఎవరు చేయాలి, కాలేజీకో ఆఫీసుకో ఎప్పటి నుంచి కూర్చోవచ్చు అని కూడా అడగండి. ఇవన్నీ చీటీ మీద రాసుకుని రండి, లోపలికి వచ్చాక సగం మర్చిపోతారు.

జ్వరం, వేగంగా పెరిగే వాపు, కూర్చోలేని నొప్పి ఉంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే వచ్చేయండి.

ఓపీ కౌంటర్ దగ్గర అందరి ముందూ చెప్పలేకపోతే ఒక కాగితం మీద "తోక ఎముక దగ్గర చీము" అని రాసి ఇవ్వండి, చాలు.