సీడీ చేతికిచ్చాక: గోదావరి డెల్టాలో లినక్స్ ప్రచారం వెనుక కథ

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు కావాలి కనుక భీమవరం, అమలాపురం, పాలకొల్లు బజార్లలోని జిరాక్సు, డీటీపీ దుకాణాల పాత కంప్యూటర్లకు ఆ దారి మూసుకుపోయింది. వాటిని తుక్కులో వేయకుండా, విండోస్ స్థానంలో పనిచేసే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌కు మార్చుకోమని, లినక్స్‌కు ప్రోగ్రాములు రాసే కేడీఈ వంటి స్వచ్ఛంద బృందాలు ‘ఎండ్ ఆఫ్ 10’ పేరుతో ప్రచారం చేస్తున్నాయి. 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి మద్దతు ఆగినప్పుడూ ఇటువంటి పిలుపే వినిపించింది. అయినా దుకాణాల బల్లల మీద పెద్దగా మార్పు రాలేదు.

లినక్స్ వెనుక ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం అమ్మకంతో మొదలైనది కాదు. 1983లో అమెరికన్ ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పుడు కోరినది ప్రోగ్రామును చదివే, మార్చే, పంచుకునే హక్కు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన లినక్స్ కెర్నెల్ (వ్యవస్థకు గుండెకాయ లాంటి భాగం) మరుసటి ఏడాది ఆ హక్కును కాపాడే జీపీఎల్ లైసెన్సు కిందికి రావడంతో ఆ కోరికకు పూర్తి వ్యవస్థ సమకూడింది. అయితే ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న మాటకు స్వేచ్ఛ, ఉచితం రెండూ అర్థాలే కనుక వ్యాపార సంస్థలు జంకుతున్నాయని భావించి 1998 ఫిబ్రవరిలో కొందరు దానికి బదులుగా ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరు ముందుకు తెచ్చారు. ఆ పేరు పుట్టుకే ఒక ప్రచార నిర్ణయం. తెలుగులో ఈ చిక్కు లేదు. రెండింటికీ వేర్వేరు మాటలున్నాయి. అయినా ఇక్కడ లినక్స్ ప్రచారం చేసిన మన కుర్రవాళ్ళు ‘ఫ్రీ’ అనే చెప్పారు, విన్నవాళ్ళు ‘ఊరికే’ అని అర్థం చేసుకున్నారు.

ఊరికే అన్న మాటకు ఇక్కడ బలం లేకపోవడానికి గట్టి కారణం ఉంది. అసెంబుల్డ్ కంప్యూటరు కొన్నవారికి లైసెన్సు లేని విండోస్ కూడా దాదాపు ఊరికే దొరికేది. అమ్మినవాడే ఎక్కించి ఇచ్చేవాడు, పాడైతే మళ్ళీ వచ్చి ఎక్కించేవాడు. ధరలో పోటీ లేనిచోట ధర గురించిన ప్రచారం ఎవరికి ఎక్కుతుంది?

2004 అక్టోబరులో లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు మొదటి విడుదల వచ్చింది. షిప్‌ఇట్ అనే పథకం కింద అడిగినవారికి తపాలా ఖర్చు కూడా లేకుండా సీడీలు పంపేవారు. 2011 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. 256 కేబీపీఎస్ బ్రాడ్‌బ్యాండ్‌పై 700 ఎంబీ సీడీని దించుకోవాలంటే ఆరు గంటలకు పైగా పట్టే ఆ రోజుల్లో కవరులో వచ్చిన డిస్కు విలువ చిన్నది కాదు. ఇంజనీరింగు విద్యార్థులు దాన్ని చేతులు మార్చుకున్నారు, ఇన్‌స్టాల్ ఫెస్టులు (అందరూ ఒకచోట చేరి కంప్యూటర్లలో లినక్స్ ఎక్కించుకునే సభలు) పెట్టారు. ఆ ఉత్సాహాన్ని తక్కువ చేయలేం. కాని ఫెస్టు ముగిశాక ప్రింటరు కదలకపోతే, మోడెమ్ పలకకపోతే పిలవడానికి ఎవరూ ఉండేవారు కాదు. కుర్రవాడు చదువు పూర్తి చేసుకొని హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్ళిపోయేవాడు.

దుకాణదారుకు అసలు ముడి మరోచోట ఉంది. శుభలేఖ, కరపత్రం, ఫ్లెక్సీ, సంతాప ప్రకటన అన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌ ప్రోగ్రాములో అను ఫాంట్లతో తయారయ్యేవి. ఆ ఫాంట్లు ఏ కంప్యూటరులోనైనా అక్షరాలు ఒకేలా చదవడానికి పెట్టుకున్న యూనికోడ్ ప్రమాణానికి చెందినవి కావు, ఆ పనిముట్లు విండోస్ మీద ఆడేవి. రైసు మిల్లు గుమస్తాకూ, రొయ్యల వ్యాపారి లెక్కలు రాసే వ్యక్తికీ టాలీ అనే లెక్కల ప్రోగ్రాము విషయంలో ఇదే ఇబ్బంది. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెరమీది మెనూలు తెలుగులో ఉండేలా లినక్స్‌ను తయారు చేసింది. పోతన, లోహిత్ వంటి స్వేచ్ఛా ఫాంట్లూ వచ్చాయి. మెనూలు తెలుగులో చూపగలగడం మంచి పనే, కాని పాత శుభలేఖ ఫైలు తెరుచుకోవాలన్నది దుకాణదారు ప్రశ్న. దానికి ఎవరి కరపత్రంలోనూ జవాబు లేదు.

ఈలోగా ప్రచారకులు ఊహించని దారిలో లినక్స్ ఇంటింటికీ చేరింది. మైక్రోసాఫ్ట్ ఆధిపత్యాన్నే ‘మొదటి లోపం’గా 2004లో ఉబుంటు లోపాల పట్టికలో దాని స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ నమోదు చేశారు. ఆండ్రాయిడ్ ఫోన్లు, ట్యాబ్లెట్ల వల్ల పరిస్థితి మారిందంటూ 2013 మేలో ఆయనే దాన్ని మూసివేశారు. ఆండ్రాయిడ్ కింద ఉన్నది లినక్స్ కెర్నెలే. చెరువు గట్టు మీద రొయ్యల ధర చూసుకునే రైతుకు ఆ పేరుతో పని పడలేదు.

బల్ల మీది కంప్యూటరు సంగతి మాత్రం తేలలేదు. ఇప్పటి ప్రచారంలో కొత్తగా కనిపించే మంచి అంశం, మార్పిడికి సాయపడే మరమ్మతు దుకాణాల, బృందాల చిరునామాలను జాబితాగా ఇవ్వడం. డెల్టాకు సంబంధించినంతవరకు ఆ జాబితాలో ముందుగా చేరవలసింది కళాశాల క్లబ్బు కాదు, ఇన్నాళ్ళూ విండోస్ ఎక్కించిన ఆ అసెంబ్లింగు దుకాణపు మెకానిక్కే.