టూత్‌బ్రష్ కాడ, బిందె, మేడమెట్లు

చిన్నీ, బాబూ,

మీ ఉత్తరం చేరింది. కొండదారిలో లాంగ్ రైడ్‌కి వెళ్తానని అన్నయ్య టూత్‌బ్రష్ కాడ సగానికి కోసేశాడు, బరువు తగ్గుద్దంట, నిజమేనా తాతయ్యా అని అడిగావు. నిజమేనమ్మా, తగ్గుద్ది. ఎంతో లెక్కేద్దాం. మనిషి, సైకిలు, సంచులు అన్నీ కలిపి 80 కిలోలు, కొండెక్కడానికి గంట అనుకో. ఒక కిలో తగ్గిస్తే సుమారు 45 సెకన్లు ముందు చేరతాడు. కాడ 10 గ్రాములైతే అర సెకను కూడా రాదు. లీటరు నీళ్ళంటే కిలో కదా, దారిలో నీళ్ళెక్కడ దొరుకుతాయో ముందే కనుక్కుని ఒక బాటిల్ తగ్గించుకుంటే బ్రష్ కోసినదానికి వందరెట్లు లాభం.

అయినా నన్నడిగితే బరువుకన్నా ముందు గేర్లు చూడాలి. నిండు బిందె చంకనెత్తుకుని మేడమెట్లు ఎక్కుతున్నావనుకో. మోకాలెత్తు మెట్లయితే నాలుగింటికే కాళ్ళు వణుకుతాయి, జానెడు మెట్లయితే ఎక్కువసార్లు అడుగెయ్యాలిగానీ హాయిగా ఎక్కేస్తావు, మేడ అదే, బిందే అదే. చిన్న గేరంటే జానెడు మెట్టు. ఇంకోటి, బిందె నడుముకి ఆనించుకుంటే బరువు తెలీదు, చేత్తో వేలాడేసుకుంటే ఊగి లాగేస్తుంది, అందుకే బరువైన సామాను ఫ్రేమ్ మధ్యలో కిందకి కట్టుకోవాలి, సీటు వెనకాల ఊగేలా కాదు.

నా చిన్నప్పుడు నాన్న సైకిల్‌కి ఒకటే గేరు, చైన్ తిరిగే పళ్ళచక్రాలకి ముందు 44 పళ్ళు, వెనక 18, పెడల్ ఒక్క చుట్టు తిప్పితే చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరగాలి. కొండ మొదట్లోనే దిగిపోయి నెట్టుకుంటూ, నా కాళ్ళలో బలం లేదేమో అని ఎంత బాధపడ్డానో. బలం లేకపోవడం కాదమ్మా, మెట్టు ఎత్తు. ఫ్రాన్స్‌లో జరిగే టూర్ డి ఫ్రాన్స్ పందెం 1910లోనే పిరెనీస్ పెద్ద కొండలెక్కింది, కానీ గేర్లు మార్చే డిరైలర్ వాడనిచ్చింది 1937లో. అప్పటిదాకా అంత మొనగాళ్ళూ కొండ కింద ఆగి, వెనక చక్రం ఊడదీసి, రెండోవైపున్న పెద్ద పళ్ళచక్రం చైన్‌కి వచ్చేలా తిప్పి బిగించుకునేవాళ్ళు!

బ్రేకులు, పంపు, స్పేర్ ట్యూబు, వీటి దగ్గర మాత్రం బరువు చూడొద్దని అన్నయ్యకి గట్టిగా చెప్పు. ఒకసారి దిగుడులో నా బ్రేక్ రబ్బర్లు అరిగిపోయి, ఇనుము రిమ్ముకి రాసుకుని కీచుమంది, చెప్పులు రోడ్డుకేసి రాస్తూ పొదల్లోకి వెళ్ళి పడ్డాను. ఆ కీచు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పందేల సైకిళ్ళకే 6.8 కిలోలకి తగ్గకూడదని 2000 నుంచీ రూలుంది, మనకెందుకు అంత ఆరాటం?

ఇంకా చాలా ఉంది గానీ నేను చెప్పేకన్నా మీరే చూడండి. సైకిల్ తలకిందులుగా పెట్టండి, వెనక టైరు మీద సుద్దముక్కతో గీత గియ్యండి. చైన్ ముందు అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మీద, వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం మీద వెయ్యండి. ఒకళ్ళు పెడల్ మెల్లగా ఒక్క చుట్టు తిప్పండి, ఇంకొకళ్ళు గీత ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. రెండు చక్రాలకీ 34 పళ్ళే ఉంటే సరిగ్గా ఒక్కసారే వస్తుంది. వేళ్ళు మాత్రం చైన్ దగ్గర పెట్టకండి. ఎన్నొచ్చాయో నాకు రాయండి.

మీ తాతయ్య