ఉప్పునీటి అక్వేరియం మొదటిసారి పెడుతున్నారా? అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఉప్పునీటి ట్యాంకులు అమర్చడం, తర్వాత వాటి బాగోగులు చూడటం నా వృత్తి. కొత్తవాళ్లు ఫోన్ చేస్తే మొదట అడిగేది "నీమో చేపను (క్లౌన్ చేప) ఎప్పుడు వేసుకోవచ్చు?" అనే. నీళ్లు సిద్ధమైన రోజున, అంతకుముందు కాదు. చేపలు వరసగా చనిపోతున్నాయని పిలిచిన ఇళ్లలో కూడా దాదాపు ప్రతిసారీ లోపం నీళ్ల దగ్గరే బయటపడుతుంది. అందుకే ఇక్కడ చేపల కంటే నీళ్ల గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: కల్లుప్పు కలిపితే సముద్రపు నీరే అవుతుంది

కల్లుప్పు వచ్చేది సముద్రం నుంచే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. శ్రీకాకుళం జిల్లా నౌపడా వైపు ఉప్పు మడులు చూసినవాళ్లకు మాత్రం సంగతి తెలుస్తుంది. మడిలో నీరు ఎండేకొద్దీ ముందు కాల్షియం లవణాలు అడుగుకు చేరతాయి. తర్వాత మనం తినే సోడియం క్లోరైడ్ గడ్డకడుతుంది. ఆ ఉప్పును పోగుచేసి, మిగిలిన చేదు నీళ్లను బయటికి వదిలేస్తారు. మెగ్నీషియం, పొటాషియం చాలావరకు ఆ చేదు నీళ్లతోనే వెళ్లిపోతాయి. లీటరు సముద్రపు నీటిలో మెగ్నీషియం సుమారు 1,280 మిల్లీగ్రాములు, కాల్షియం 410 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. కల్లుప్పు నీళ్లలో ఈ పాళ్లు రావు, పీహెచ్‌ను 8.1 నుంచి 8.4 మధ్య నిలిపే బైకార్బొనేట్ కూడా ఉండదు.

కొనాల్సింది అక్వేరియంల కోసమే తయారయ్యే మెరైన్ సాల్ట్. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండాలి. ప్యాకెట్‌లోని ఉప్పుకు కొంత తేమ ఉంటుంది కాబట్టి 100 లీటర్లకు మూడున్నర నుంచి నాలుగు కిలోల దాకా పడుతుంది. డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, పంపు తిరుగుతుండగా ఉప్పును కొద్దికొద్దిగా వేయండి. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం తెల్లటి మడ్డిగా విడిపోతుంది, ఇక కరగదు. ఒక రోజు తిరగనిచ్చి ఉప్పదనం చూపే రిఫ్రాక్టోమీటర్‌తో కొలవండి. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌కు చిన్న గాలిబుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది. రిఫ్రాక్టోమీటర్‌ను కూడా 35 పీపీటీ (వెయ్యి పాళ్లకు 35 పాళ్ల ఉప్పు) ద్రావణంతోనే సరిచూసుకోవాలి.

అపోహ: ఇంట్లో ఆర్‌ఓ ఉంది, నీళ్లకు ఇబ్బంది లేదు

తాగే ఆర్‌ఓలో రుచి కోసం కొంత మామూలు నీటిని కలిపే ఏర్పాటో, ఖనిజాలు కలిపే గొట్టమో ఉంటుంది. ట్యాంకుకు కావాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. మన బోరు నీళ్లలో నైట్రేటు, సిలికా ఉంటే కొంత ఆర్‌ఓను దాటి వచ్చేస్తాయి. ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం పెట్టి, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాకే ఉప్పు కలపండి. ట్యాంకు, లైట్ల మీద ఖర్చు తగ్గించుకోవచ్చు గానీ దీని మీద వద్దు.

అపోహ: వైజాగ్‌లో ఉన్నాం, బీచ్ నీళ్లు తెచ్చుకుంటే సరిపోతుంది

ఒడ్డు నీళ్లలో ఊరి మురుగు, పడవల నూనె కలుస్తాయి. పైగా వానాకాలం చివర్లో గోదావరి, మహానది, గంగ వదిలిన మంచినీళ్లు బంగాళాఖాతంలో పైపొరగా పరుచుకుని తీరం వెంబడి దక్షిణానికి దిగుతాయి. ఆ నెలల్లో తీరంలో ఉప్పదనం 35 నుంచి బాగా పడిపోతుంది. రొయ్యపిల్లల హ్యాచరీల వాళ్లు సముద్రం పక్కనే ఉండి కూడా ఆ నీటిని ఇసుక ఫిల్టర్లలో వడగట్టి, క్లోరిన్ వేసి, మళ్లీ ఆ క్లోరిన్ పోగొట్టాకే వాడతారు. అంత శ్రమ చేయగలిగితే సముద్రపు నీరు మంచిదే. లేకపోతే ప్యాకెట్ ఉప్పే నయం.

అపోహ: ఫిల్టర్ రెండు రోజులు తిరిగితే చేపలు వేసుకోవచ్చు

ఎక్కువ చేపల ప్రాణాలు తీస్తున్న అపోహ ఇదే.

చేప విసర్జన, మిగిలిపోయిన మేత కలిసి అమ్మోనియా అవుతాయి. దాన్ని నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా ఒకటి, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేది మరొకటి. ఇవి రాళ్ల రంధ్రాల్లో, ఇసుకలో అంటుకుని పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇలా బ్యాక్టీరియాను పెంచడాన్నే సైకిల్ చేయడం అంటారు. మంచినీటి ట్యాంకు అనుభవంతో వచ్చేవాళ్లు ఇక్కడే పొరబడతారు. పీహెచ్ 7 ఉన్న నీటితో పోలిస్తే 8.2 ఉన్న నీటిలో అమ్మోనియా విషరూపంలో ఉండే వంతు పది రెట్ల దాకా ఎక్కువ. అక్కడ చేప తట్టుకున్న మోతాదు ఇక్కడ మొప్పలను కాల్చేస్తుంది.

"డ్యామ్సెల్ వేయండి, గట్టి చేప, అదే సైకిల్ చేసేస్తుంది" అనే సలహా వినొద్దు. అది బతికినా ఆ బాధంతా పడే బతుకుతుంది. బతికాక ట్యాంకంతా తనదే అనుకుని కొత్త చేపలను వెంటపడి కొరుకుతుంది. చేపే లేకుండా అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంతో సైకిల్ చేయండి, లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వచ్చేలా. మొదట్లో అమ్మోనియా టెస్ట్ కిట్ గొట్టం చిక్కటి ఆకుపచ్చగా ఉంటుంది. కొద్ది వారాల్లో ఆ పచ్చదనం పలచబడి పసుపులోకి దిగుతుంది, అదే సమయంలో నైట్రైట్ గొట్టం ఊదారంగుకు తిరుగుతుంది. తర్వాత అదీ తేలికపడుతుంది. మళ్లీ అమ్మోనియా వేస్తే ఒక్క రోజులో రెండూ సున్నాకు వస్తున్నాయంటే ట్యాంకు సిద్ధం. అప్పుడు కూడా ఒకటి రెండు చేపలతోనే మొదలుపెట్టాలి.

ఈ మధ్యలో ఇసుక మీద, రాళ్ల మీద గోధుమరంగు పొర వస్తుంది. తుడిస్తే దుమ్ములా లేస్తుంది, మర్నాటికి మళ్లీ ఉంటుంది. చాలామంది భయపడి ట్యాంకు ఖాళీ చేస్తామంటారు. దయచేసి ఆ పని చేయకండి. అవి డయాటమ్‌లు అనే సూక్ష్మజీవులు, నీటిలోని సిలికా అయిపోగానే తగ్గిపోతాయి. ఆ తర్వాత పచ్చటి నాచు మొదలవుతుంది, నత్తలను తెచ్చుకోవాల్సింది అప్పుడు.

అపోహ: అమ్మోనియా పెరిగితే జియోలైట్ వేస్తే పోతుంది

భీమవరం వైపు నుంచి ఈ ప్రశ్న తరచూ వస్తుంది, చెరువుల్లో వాడే అలవాటు ఉంది కాబట్టి. జియోలైట్ అనే ఖనిజం తనలోని సోడియాన్ని వదిలి అమ్మోనియాను పట్టుకుంటుంది. సముద్రపు నీటిలో సోడియమే కుప్పలుగా ఉన్నప్పుడు అమ్మోనియాకు చోటు చిక్కదు. వాడేసిన జియోలైట్‌ను శుభ్రం చేయడానికి ఉప్పునీళ్లలోనే నానబెడతారంటే అర్థం చేసుకోండి. అమ్మోనియా కనిపిస్తే నీళ్లు మార్చడమే సరైన మందు.

అపోహ: మొదటిసారి కదా, చిన్న ట్యాంకు సులువు

కాదు. చిన్న ట్యాంకులో ఒక చిటికెడు మేత ఎక్కువైనా, ఒక గ్లాసు నీరు ఆవిరైనా వెంటనే తేడా తెలుస్తుంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్నది చూసుకోండి, సుమారు 180 లీటర్లు పడుతుంది. రాళ్లు, గాజుతో కలిపి బరువు పావు టన్ను దాకా వస్తుంది కాబట్టి స్టాండు గట్టిగా ఉండాలి.

అపోహ: నీరు తగ్గితే ఉప్పునీరే పోయాలి

ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. 180 లీటర్లలో 9 లీటర్లు ఆవిరైతే 35 ఉన్న ఉప్పదనం దాదాపు 37 అవుతుంది. ఆ లోటును రోజూ ఉప్పులేని ఆర్‌ఓ-డీఐ నీటితో భర్తీ చేయాలి. ఉప్పునీరు వాడేది వారానికి పది శాతం నీళ్లు మార్చేటప్పుడే.

మన ఎండాకాలంలో ఇది మరీ ముఖ్యం. ట్యాంకు 25 నుంచి 27 డిగ్రీల్లో ఉండాలి. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. నీటి పైభాగానికి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి గానీ ఆవిరి ఎక్కువవుతుంది. ఏసీ లేని గదిలో ఏప్రిల్, మే నెలలు గట్టెక్కాలంటే నీటిని చల్లబరిచే చిల్లర్ కొనక తప్పదు.

అపోహ: అండమాన్ నుంచో రామేశ్వరం నుంచో పగడపు రాయి తెప్పించుకోవచ్చు

గట్టి పగడాలన్నింటినీ, సముద్రపు గుర్రాలను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన పగడమైనా తీసుకోవడం నేరమే. ఎవరైనా "తెప్పిస్తాం" అంటే అక్కడితో మాట ఆపేయండి. ట్యాంకుల కోసం తయారుచేసిన రాయి దొరుకుతుంది. దానిమీద బ్యాక్టీరియా ఆలస్యంగా పెరుగుతుంది, అంతే తేడా.

అపోహ: నీమోకు ఎనిమోన్ ఉండాల్సిందే, పక్కన డోరీ కూడా ఉండాలి

క్లౌన్ చేపలు ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి) లేకుండా హాయిగా బతుకుతాయి. కొత్త ట్యాంకులో ఎనిమోన్ నిలవదు, చనిపోతే నీళ్లన్నీ పాడుచేస్తుంది. డోరీ, అంటే బ్లూ టాంగ్, అడుగు దాకా పెరిగే చేప. దాన్ని మూడడుగుల ట్యాంకులో పెట్టడం అన్యాయం. క్లౌన్లలో హ్యాచరీలో పుట్టినవే అడిగి తీసుకోండి. మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు వీటి పిల్లలను హ్యాచరీలో పెంచే పద్ధతిని ఎప్పుడో రూపొందించారు. అవి మేతకు అలవాటుపడి వస్తాయి, వాటికోసం సముద్రంలో వల వేయాల్సిన పనీ ఉండదు.

ట్యాంకు పెట్టే రోజునే మరో రెండు పనులు చేసేయండి. ప్రతి వైరూ ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా కట్టండి, అలా ఉంటే వైరు వెంట జారిన ఉప్పునీటి చుక్క సాకెట్‌లోకి పోదు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని పెట్టుకోండి. గాలివానకు కరెంటు పోయి రాత్రంతా రాకపోయినా చేపలకు ఊపిరి ఆడుతుంది.